లింబా రామ్: కౌజుపిట్టల వేట నుంచి ఒలింపిక్స్ దాకా (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, తోటి పీఈటీలకు, కొండలు దిగి, బస్సులు మారి వచ్చిన తల్లిదండ్రులకు, ముందు వరుసల్లో కూర్చున్న ఆశ్రమ పాఠశాల పిల్లలకు నమస్కారం.

విలువిద్య గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. మొత్తం విలువిద్య గురించి మొదలుపెడితే సాయంత్రానికి కూడా తేలదు. అందుకని ఒక్క మనిషి గురించి చెబుతాను. లింబా రామ్. ఈ పేరు విన్నవాళ్లు చేతులెత్తండి చూద్దాం. పీఈటీలందరూ ఎత్తారు. పిల్లల్లో ఇద్దరు ముగ్గురే ఎత్తారు. మూడుసార్లు ఒలింపిక్స్‌కి వెళ్లిన మనిషి ఆయన. అడవిలో పిట్టల్ని కొట్టి తిన్న కుర్రాడు ప్రపంచ రికార్డు సమం చేశాడు. మన పిల్లలకి ఆయన పేరు తెలియకపోవడం నాకు బాధగా ఉంది. అందుకే ఈ పూట ఆయన కథే.

రాజస్థాన్ అనగానే మనకి ఇసుక, ఒంటెలు గుర్తొస్తాయి. ఉదయ్‌పూర్ జిల్లా అలా ఉండదు. ఆరావళి కొండలు, పొదల అడవి, వానాకాలంలో పచ్చగా ఉండే లోయలు. అక్కడ ఝాడోల్ తహసీల్లో సరాదీత్ అనే చిన్న ఊరు. 1972లో లింబా రామ్ అక్కడే పుట్టాడు. అహారీ తెగ. పొలం ఉన్నా అది కడుపు నింపే పొలం కాదు. ఇంట్లో గింజలు లేని రోజున అడవే దిక్కు. ఆ కుర్రాడు వెదురు విల్లు, రెల్లు బాణాలు పట్టుకుని పిచ్చుకల్ని, కౌజుపిట్టల్ని, చిన్న చిన్న జంతువుల్ని వేటాడేవాడు. సరదాకి కాదు, కూరకి.

ఆ కొండల్లో వాడే విల్లు ఎలా ఉంటుందో మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. మన కొండరెడ్ల ఇళ్లలో, నల్లమల చెంచుల గుడిసెల్లో దాని అన్నదమ్ములు కనిపిస్తాయి. ముదురు వెదురుని చీల్చి, చెక్కి, వంచుతారు. ఆ ఆరావళి కొండల్లో ఉండే భిల్లు గిరిజనుల దగ్గర ఇంకో విశేషం ఉంది. నారి కూడా వెదురే. సన్నటి వెదురు బద్దని నున్నగా గీకి రెండు కొసలకీ బిగిస్తారు. తాడు కాదది, బద్ద. దాన్ని లాగాలంటే వేళ్లు కాయలు కాయాలి. గురి చూసుకోవడానికి విల్లు మీద ఏ గుర్తూ ఉండదు. కన్ను ఎక్కడ నిలిస్తే చెయ్యి అక్కడికి పోవాలి.

ఇక కౌజుపిట్ట సంగతి. అది అంత తేలిగ్గా ఎగరదు. ముందు పరిగెడుతుంది. గడ్డిలో తల వంచుకుని గబగబా నడిచి, పొదలో దూరి, మనిషి మరీ దగ్గరికొస్తే అప్పుడు ఒక్కసారిగా రెక్కలు టపటపలాడిస్తూ లేస్తుంది. దాన్ని కొట్టాలంటే అది ఎటు పరిగెడుతుందో ముందే ఊహించాలి. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకోవాలి. కాలి కింద ఎండుటాకు నలక్కుండా నడవాలి. ఊపిరి బిగబట్టి, లాగి, ఆ క్షణంలోనే వదలాలి. రెండో బాణానికి టైం ఉండదు. తప్పితే ఆ పూట కూర లేదు. ఏడెనిమిదేళ్ల పిల్లవాడు ఈ పని రోజూ చేస్తే, పదిహేనేళ్లు వచ్చేసరికి వాడి కన్ను, చెయ్యి, ఊపిరి ఎలా తయారవుతాయో ఆలోచించండి. ఎవరూ దాన్ని ప్రాక్టీస్ అనలేదు. కానీ అది ప్రాక్టీసే.

ఇక్కడ ఆగి ఒక మాట. ఇది విని ఏ పిల్లాడూ రేపు విల్లు పట్టుకుని అడవిలోకి వెళ్లకూడదు. లింబా రామ్ పుట్టిన 1972లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో దాన్ని ఇంకా కట్టుదిట్టం చేశారు. ఇప్పుడు కౌజుపిట్టని కొట్టినా నేరమే. మన మన్యంలో ఇటుకల పండగకి మగవాళ్లు గుంపుగా వేటకి వెళ్లడం, వట్టి చేతులతో తిరిగొచ్చినవాళ్లని ఆడవాళ్లు ఆటపట్టించడం మీ తాతలు చూశారు. ఆ పండగ పాటలు, ఆటలు ఉండాలి. అడవిలో ఆ జంతువులూ ఉండాలి. అమెరికాలో విల్లుతో వేటకి లైసెన్సులు, సీజన్లు ఉన్నాయి. అక్కడ పోటీల్లో ఆడుతూనే వేటకి వెళ్లే ఆర్చర్లు చాలామంది. వేట ఇష్టపడే వాళ్ల కోసం ఫోమ్‌తో చేసిన జంతువుల బొమ్మల్ని అడవి దారుల్లో నిలబెట్టి, వాటి మీద బాణాలు వేసే పోటీలు కూడా నడుస్తాయి. అక్కడి చట్టం వేరు, ఇక్కడి చట్టం వేరు. లింబా రామ్ వేటని ఆనాటి ఆకలితో కలిపే చూడాలి.

సరే, కథలోకి వద్దాం. 1987. లింబా రామ్‌కి పదిహేనేళ్లు. వాళ్ల బాబాయి ఒక కబురు తెచ్చాడు. దగ్గర్లోని మక్‌డాదేవ్ అనే ఊళ్లో ప్రభుత్వం వాళ్లు బాణాలు బాగా వేసే కుర్రాళ్ల కోసం సెలెక్షన్ పెడుతున్నారట. ఆ రోజుల్లో స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా, మనం సాయ్ అంటాం కదా, ఒక పథకం మొదలుపెట్టింది. స్పెషల్ ఏరియా గేమ్స్. కొండ ప్రాంతాలకి, గిరిజన ప్రాంతాలకి, సముద్రతీరాలకి వెళ్లి అక్కడి పిల్లల్లో ఆటగాళ్లని వెతకడం ఆ పథకం పని. లింబా రామ్ వెళ్లాడు. ఊళ్లోని మరికొందరు కుర్రాళ్లూ వెళ్లారు. అందులో శ్యామ్ లాల్ ఒకడు. తర్వాత అతను కూడా ఒలింపిక్స్‌కి వెళ్లాడు, అర్జున అవార్డు తీసుకున్నాడు. ఒకే సెలెక్షన్‌లో ఇద్దరు ఒలింపియన్లు దొరికారంటే, అలాంటి ఊళ్లలో ఇంకెంతమంది ఉండి ఉంటారో, ఎవరూ వెళ్లి చూడక ఎంతమంది మిగిలిపోయారో మీరే ఊహించుకోండి.

ఎంపికైన నలుగురు కుర్రాళ్లని ఢిల్లీ పంపించారు. ఆర్.ఎస్. సోధీ గారని కోచ్. ఆయన దగ్గర నాలుగు నెలల శిక్షణ.

ఈ నాలుగు నెలల గురించి నేను కాస్త ఎక్కువ చెబుతాను. పేపర్లు ఈ భాగాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. ‘గిరిజన బాలుడు విల్లు పట్టాడు, ఛాంపియన్ అయ్యాడు’ అని రాస్తే చదవడానికి బాగానే ఉంటుంది. కానీ జరిగింది అది కాదు. అతనికి వచ్చిన విద్యలో సగం పక్కన పెట్టి మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది.

పోటీలో వాడే రికర్వ్ విల్లు ఇదిగో, ఇక్కడ బల్ల మీద ఉంది. వెనక కూర్చున్నవాళ్లు తర్వాత వచ్చి చూడండి. మధ్యలో పట్టుకునే ఈ లోహపు భాగాన్ని రైజర్ అంటారు. పైనా కిందా ఈ రెండు రెక్కలు లింబ్స్. ఇది సైట్, గురి చూసే రింగు. ముందుకి పొడుచుకొచ్చిన ఈ కడ్డీ స్టెబిలైజర్, బాణం వదిలేటప్పుడు విల్లు చేతిలో తిరగకుండా ఆపుతుంది. ఇక ఇది చూడండి, సన్నటి రేకు ముక్క. దీన్ని క్లిక్కర్ అంటారు. బాణాన్ని దీని కిందుగా పెట్టి లాగుతాం. బాణం మొన సరిగ్గా ఈ రేకు దాటే దాకా లాగితే, రేకు టక్కున వచ్చి రైజర్‌కి తగులుతుంది. వినండి... టక్. ఆ చప్పుడు వినగానే వదలాలి. ప్రతిసారీ బాణాన్ని ఒకే కొలతకి లాగుతున్నామని చెప్పేది ఈ రేకే. వెంట్రుకవాసి తక్కువ లాగినా బాణం కింద పడుతుంది.

ఇప్పుడు అడవి నుంచి వచ్చిన కుర్రాడి వైపు నుంచి చూడండి. వేటలో లాగడం, వదలడం ఒక్క ఊపులో అయిపోతాయి. ఇక్కడ లాగి, చూపుడువేలు దవడ కిందకి, నారి గడ్డానికీ పెదవికీ ఆనేలా పెట్టి, ఆ బరువుని వీపు కండరాల మీదకి తెచ్చి, క్లిక్కర్ మోగే దాకా ఆగాలి. వేటలో రెండు కళ్లూ పిట్ట మీదే. ఇక్కడ కన్ను సైట్ రింగులోంచి చూడాలి. వేటలో ప్రతి బాణం వేరు. దూరం వేరు, ఎత్తు వేరు, పిట్ట కదలిక వేరు. ఇక్కడ ప్రతి బాణం దాని ముందు బాణంలాగే ఉండాలి. అప్పట్లో మగవాళ్ల పోటీ అంటే 90, 70, 50, 30 మీటర్లు, ఒక్కో దూరంలో 36 బాణాలు, మొత్తం 144. టార్గెట్ నట్టనడుమ వలయానికి పది పాయింట్లు, అన్నీ పదులు కొడితే 1440. నూట నలభై నాలుగుసార్లు అదే నిలబడటం, అదే లాగడం, అదే వదలడం. వేటగాడి పని మార్పుని పట్టుకోవడం, పోటీ ఆర్చర్ పని మార్పు లేకుండా చూసుకోవడం.

ఆ కుర్రాడు అదే ఏడాది బెంగళూరులో జాతీయ జూనియర్ ఛాంపియన్ అయ్యాడు. నెలల్లోనే! అడవిలో సంపాదించిన బలం, ఓపిక అతనికి ఉపయోగపడ్డాయి, నిజమే. వాటికి ఒక దారి చూపించింది మాత్రం కోచింగ్.

తర్వాతి ఏడాది 1988, సియోల్ ఒలింపిక్స్. ఒలింపిక్స్ విలువిద్యలో భారత్ పాల్గొనడం అదే మొదటిసారి. జట్టులో సంజీవ కుమార్ సింగ్, శ్యామ్ లాల్, లింబా రామ్. ఒకటిన్నర ఏడాది క్రితం పిట్టల్ని కొడుతున్న పదహారేళ్ల కుర్రాడు సియోల్ మైదానంలో నిలబడ్డాడు. పతకం రాలేదు. రావాలని ఎవరూ అడగను కూడా కూడదు.

ఆ సియోల్‌లోనే ఇంకో కథ మొదలైంది. టీం ఈవెంట్‌ని ఒలింపిక్స్‌లో పెట్టింది అప్పుడే. ఆడవాళ్ల టీం స్వర్ణం కొరియాకి వచ్చింది. ఆ తర్వాత 2024 పారిస్ దాకా ఆ స్వర్ణం ఇంకో దేశానికి పోలేదు. వరసగా పది ఒలింపిక్స్. కొరియా అమ్మాయిలు అడవిలో వేటాడి రాలేదు. బడిలో చిన్నప్పుడే విల్లు చేతికిస్తారు, కోచ్ ఉంటాడు, ఏళ్ల తరబడి నేర్పిస్తారు. వాళ్ల జాతీయ జట్టు సెలెక్షన్ ఒలింపిక్స్ కన్నా కష్టమని ఆర్చర్లే చెప్పుకుంటారు. అయినా సరే, చాప్‌స్టిక్స్‌తో తింటారు కాబట్టి వాళ్ల వేళ్లకి ఆ నేర్పు పుట్టుకతోనే ఉందని చెప్పేవాళ్లు ఉన్నారు.

నేను ఈ పూట చెప్పాలనుకున్న అసలు విషయం ఇక్కడుంది. మన దగ్గర కూడా ఈ మాట రోజూ వింటాను. ‘మా పిల్లలకి రక్తంలోనే ఉంది సార్’ అని తల్లిదండ్రులు గర్వంగా అంటారు. వాళ్ల గర్వం నాకు అర్థమవుతుంది. కానీ అదే మాట పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లు అన్నప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. ఒకసారి ఒక అధికారి మా మైదానానికి వచ్చారు. పిల్లలు వేసే బాణాలు చూసి మెచ్చుకున్నారు. మేం కొత్త బాణాలు, టార్గెట్లు కావాలని అడిగితే, ‘వీళ్లకి పుట్టుకతోనే వచ్చిన విద్య కదా మాస్టారూ, ఇవన్నీ ఎందుకు’ అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, పొగుడుతున్నానే అనుకున్నారు. ఆ పొగడ్త దెబ్బకి ఆ ఏడాది మాకు టార్గెట్లు రాలేదు.

రక్తంలో ఉందని అంటే రెండు నష్టాలు. పిల్లవాడు ఎండలో నిలబడి వేల బాణాలు వేసిన కష్టం లెక్కలోకి రాదు. వాడికి మనం ఇవ్వాల్సింది ఇవ్వకుండా తప్పించుకోవడానికి మనకో సాకు దొరుకుతుంది.

లింబా రామ్‌ని వెతికిన ఆ స్పెషల్ ఏరియా గేమ్స్ పథకంలో కూడా ఈ ఆలోచన ఉంది. కర్ణాటకలో, గుజరాత్‌లో సిద్దీలని ఉన్నారు. వాళ్ల పూర్వీకులు వందల ఏళ్ల క్రితం ఆఫ్రికా నుంచి వచ్చారు. ఆఫ్రికా వాళ్లు పరుగులో గెలుస్తున్నారు కాబట్టి సిద్దీ పిల్లల్ని తెచ్చి పరుగులో పెడితే పతకాలు వస్తాయని 1980ల చివర్లో వాళ్లని ఎంపిక చేశారు. ఆ పిల్లలు బాగానే పరిగెత్తారు, జాతీయ స్థాయిలో గెలిచినవాళ్లూ ఉన్నారు. కొన్నేళ్లకి ఆ పథకంలో వాళ్ల శిక్షణ ఆపేశారు. కుర్రాళ్లు మళ్లీ కూలిపనికి, పొలం పనికి వెళ్లిపోయారు. రక్తం మారలేదు కదా? మరి పరుగు ఎందుకు ఆగింది? తిండి, కోచ్, మైదానం ఆగిపోయాయి కాబట్టి.

లింబా రామ్‌కి కొన్నేళ్లు అవి ఆగలేదు. అందుకే ఆ తర్వాతి నాలుగేళ్లు చూడండి. 1989లో స్విట్జర్లాండ్‌లో, లోజాన్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లాడు. 1991లో అర్జున అవార్డు. 1992లో బీజింగ్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్.

బీజింగ్‌లో 30 మీటర్ల పోటీ. 36 బాణాలకి 360. లింబా రామ్ 358 కొట్టాడు. జపాన్‌కి చెందిన తకయోషి మత్సుషితా పేరు మీద ఉన్న ప్రపంచ రికార్డుకి సమం. ముప్పై మీటర్లే కదా అనుకోకండి. ఆ దూరంలో టార్గెట్ పేపర్ చిన్నది, 80 సెంటీమీటర్లు. పది పాయింట్ల వలయం అడ్డంగా 8 సెంటీమీటర్లు. దాదాపు కౌజుపిట్ట ఒంటి వెడల్పే. ముప్పై ఆరు బాణాల్లో పోయినవి రెండు పాయింట్లు. మధ్యలో చెయ్యి వణకడం, చెమట కంట్లో పడటం, గాలి వీయడం, పక్కవాడి స్కోరు చెవిన పడటం, ఏదైనా కావచ్చు. ముప్పై ఆరు సార్లలో ఎక్కడా మనసు చెదరలేదు. ఆ స్కోరు గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

అదే ఏడాది బార్సిలోనా ఒలింపిక్స్. ప్రారంభోత్సవంలో ఆంటోనియో రెబోయో అనే పారాలింపిక్ ఆర్చర్, పోలియోతో కాళ్లు దెబ్బతిన్న మనిషి, మండుతున్న బాణాన్ని సంధించి ఒలింపిక్ జ్యోతి వైపు వదిలారు. ప్రపంచమంతా టీవీల్లో చూసింది. పిల్లలూ, యూట్యూబ్‌లో ఉంది, ఇవాళే చూడండి. విలువిద్యకి అంతకంటే మంచి స్వాగతం ఏ ఒలింపిక్స్‌లోనూ దొరకలేదు.

కానీ ఆ ఒలింపిక్స్‌లో పోటీ పద్ధతి మారింది. అంతకు ముందు నాలుగు దూరాల స్కోరు మొత్తం కలిపి విజేతని తేల్చేవారు. బార్సిలోనాలో 32 మందిని ఎంపిక చేసి, ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా పెట్టారు. దూరం 70 మీటర్లు, ఒక్కొక్కరికి 12 బాణాలు. ఓడితే ఇంటికే. టీవీలో చూసేవాళ్లకి బాగుంటుందని తెచ్చిన పద్ధతి. 70 మీటర్ల టార్గెట్‌లో పది వలయం 12.2 సెంటీమీటర్లు. మనం పాటలు వినే సీడీ ఉండేది చూడండి, అంత. మైదానం ఈ చివర్నుంచి ఆ చివరకి సీడీని నిలబెట్టి కొట్టాలి. 144 బాణాల పోటీలో ఒక చెడ్డ బాణం పడితే సర్దుకోవచ్చు. పన్నెండు బాణాల్లో ఆ వీలు లేదు. లింబా రామ్ మీద దేశం ఆశ పెట్టుకుంది. 1984లో, 1988లో ఏ ఆటలోనూ ఒక్క పతకం లేదు. ఆ టెన్షన్ అంతా ఇరవై ఏళ్ల కుర్రాడి భుజాల మీద పడింది. పతకం రాలేదు. ఆ ఒలింపిక్స్ నుంచి భారత జట్టు మొత్తం వట్టి చేతులతోనే తిరిగొచ్చింది.

అక్కడ అతనికి ఏం తక్కువైంది అని చాలామంది అడుగుతారు. నా అభిప్రాయం చెబుతాను. చెయ్యి తక్కువ కాలేదు. ఎదురెదురు మ్యాచ్‌లు ఆడే అలవాటు తక్కువైంది. ఒత్తిడి కూడా ప్రాక్టీస్‌తోనే అలవాటవుతుంది. పక్కన మనిషిని నిలబెట్టి, జనాన్ని అరవమని, గడియారం పెట్టి నేర్పాలి. కొరియాలో బేస్‌బాల్ స్టేడియంలో గోల మధ్య ఆర్చర్ల చేత బాణాలు వేయిస్తారు. మన కుర్రాళ్లకి ఆ రోజుల్లో అలాంటి ఏర్పాట్లు లేవు. ఇప్పటి మ్యాచ్‌లలో ఒక్కో బాణానికి 20 సెకన్లే. ఎదుటివాడు పది కొట్టాక ఆ 20 సెకన్లు ఎలా గడుస్తాయో ఆడినవాళ్లకే తెలుస్తుంది.

1996లో అట్లాంటా, మూడో ఒలింపిక్స్. ఆ దరిదాపుల్లోనే భుజానికి గాయమైంది. ఆర్చర్‌కి భుజం పోతే అంతా పోయినట్టే. రోజుకి వందలసార్లు ఇరవై కిలోల బరువు లాగే చెయ్యి అది. దెబ్బ తగిలినప్పుడు ఫిజియో, వైద్యం, విశ్రాంతి, తిరిగి మెల్లగా మొదలుపెట్టడం, ఇవన్నీ కావాలి. ఆ తర్వాత పెద్ద పతకాల్లేవు. తొమ్మిదేళ్లలో మొదలై ముగిసిపోయిన జీవితంలా కనిపిస్తుంది, కానీ ముగియలేదు.

2009లో ఆయన జాతీయ జట్టుకి కోచ్ అయ్యారు. ఇక్కడి నుంచి ‘ఆయన’ అనే అంటాను, కోచ్ కదా. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో మన ఆర్చర్లకి మూడు స్వర్ణాలు వచ్చాయి. దీపికా కుమారికి వ్యక్తిగత స్వర్ణం. రాహుల్ బెనర్జీకి మగవాళ్ల వ్యక్తిగత స్వర్ణం. దీపిక, డోలా బెనర్జీ, బొంబాయిలా దేవి కలిసి టీం స్వర్ణం. జార్ఖండ్ నుంచి వచ్చిన దీపికకి అప్పుడు పదహారేళ్లు, సియోల్‌కి వెళ్లినప్పుడు లింబా రామ్ వయసు. తనకి దొరకనిది పిల్లలకి దొరికేలా చూసే కోచ్ అంటే నాకు చాలా గౌరవం. 2012లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

తర్వాతి సంగతి చెప్పడం కష్టంగా ఉంది, కానీ చెప్పాలి. ఆయనకి నరాలకి సంబంధించిన జబ్బు వచ్చింది. నడక, మాట దెబ్బతిన్నాయి. ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఒక గదిలో భార్యతో ఉంటూ చికిత్స తీసుకున్నారు. 2019లో కేంద్ర క్రీడా శాఖ అయిదు లక్షల సాయం మంజూరు చేసింది. సాయం చేసినవాళ్లకి దండం పెడతాను. కానీ ఒక ప్రశ్న ఉంది. జబ్బు వార్త పేపర్లో వచ్చాక సాయం అందడం ఏమిటి? దేశం కోసం ఆడినవాళ్లకి జీవితాంతం వైద్యం హక్కుగా ఉండాలి. దానికి ఎవరూ అర్జీ పెట్టుకోకూడదు, ఫోటో తీసి పేపర్‌కి పంపకూడదు. 358 కొట్టిన చెయ్యి వణికిపోతుంటే చూసి అయ్యో అనడం వేరు, ఆ చెయ్యి బాగున్నప్పుడే దాని బాధ్యత తీసుకోవడం వేరు.

ఇప్పుడు మన తెలుగు పిల్లల గురించి. విజయవాడ వెన్నం జ్యోతి సురేఖ అందరికీ తెలుసు. కాంపౌండ్ విల్లు. కప్పీలు ఉంటాయి దానికి, రికర్వ్ కాదు. 2023లో హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. వ్యక్తిగతం, టీం, అబ్బాయి అమ్మాయి జంటగా ఆడే మిక్స్‌డ్ టీం. ఆ అమ్మాయి చిన్నప్పుడు ఈతగత్తె. అడవితో సంబంధం లేదు, వేటతో సంబంధం లేదు. పట్నంలో పుట్టి, పట్నంలో పెరిగి, మైదానంలో నేర్చుకుంది. విజయవాడ వాడే బొమ్మదేవర ధీరజ్. 2024 పారిస్ ఒలింపిక్స్ ర్యాంకింగ్ రౌండ్‌లో ప్రపంచంలో నాలుగో స్థానం. మిక్స్‌డ్ టీంలో అంకిత భకత్‌తో కలిసి కాంస్యం మ్యాచ్ దాకా వెళ్లాడు. అమెరికా చేతిలో ఓడి నాలుగో స్థానంతో ఆగారు. ఒలింపిక్స్ విలువిద్యలో మన దేశం పతకానికి అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు.

అంటే విజయవాడ వాళ్ల రక్తంలో విలువిద్య ఉందా? ఆ ఊళ్లో ఒక అకాడమీ పుట్టింది, కోచ్‌లు తయారయ్యారు, తల్లిదండ్రులు జీతాల్లోంచి విల్లులు కొన్నారు. కృష్ణ ఒడ్డున జరిగింది మన కొండల్లో ఎందుకు జరగకూడదు? మన పిల్లలకి అదనంగా ఇంకోటి ఉంది. విల్లు వాళ్లకి పరాయి వస్తువు కాదు. ఇంటి చూరులో తాతగారి విల్లు ఉంటుంది.

ఏకలవ్యుడి పేరు ఎందుకు ఎత్తలేదని ఇందాక వేదిక మీద ఒక పెద్దాయన అడిగారు. కావాలనే ఎత్తలేదు. గిరిజన పిల్లవాడు విల్లు పట్టగానే ఏకలవ్యుడు అంటారు. ఆ కథ చివర బొటనవేలు పోతుంది. మన పిల్లలకి ఆ ముగింపు ఎందుకు? పైగా ఇప్పటి పోటీల్లో నారిని లాగేది మూడు వేళ్లు. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలు. బొటనవేలికి పనే లేదు.

ఇక పని మాట. చాలామంది తల్లిదండ్రులు రికర్వ్ విల్లు ఖరీదు విని వెనక్కి వెళ్లిపోతారు. అంత అవసరం లేదు, మొదట్లో అసలు వద్దు. మన జాతీయ పోటీల్లో ఇండియన్ రౌండ్ అని ఒక విభాగం ఉంది. అందులో వాడేది వెదురు విల్లు. సైట్ ఉండదు, క్లిక్కర్ ఉండదు. దూరాలు 50 మీటర్లు, 30 మీటర్లు. లింబా రామ్ లాంటి పిల్లవాడు ఇవాళ వస్తే, అడవిలో నేర్చిన పద్ధతి మర్చిపోకుండా నేరుగా ఇందులో ఆడొచ్చు. ఇందులో నిలదొక్కుకున్నాక రికర్వ్‌కి మారొచ్చు. చాలామంది ఆర్చర్లు ఇలాగే పైకి వచ్చారు. కాంపౌండ్ కావాలనుకునే వాళ్లకి ఇంకో మంచి వార్త. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీం మొదటిసారి పెడుతున్నారు.

పేర్లు రాయించుకునే పుస్తకం ఆ చివర బల్ల మీద ఉంది. పదేళ్లు దాటిన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, రాయించుకోండి. అమ్మా, మీరు భయపడకండి, చేతికి గార్డు, ఛాతీకి గార్డు ఇచ్చాకే విల్లు ఇస్తాం. నారి ముంజేతికి తగిలితే కమిలిపోతుంది, దానికే గార్డు. సోమవారం పొద్దున ఆరున్నరకి మైదానానికి రండి. మొదటి వారం బాణం ఉండదు. నిలబడటం, ఊపిరి, రబ్బరు బ్యాండు లాగడం, ఇవే. రెండో వారం నుంచి పది మీటర్ల దగ్గర పెద్ద టార్గెట్ పెట్టి మొదలుపెడతాం. ఇంట్లో తాతగారి విల్లు ఉంటే అది కూడా తీసుకురండి, కానీ బాణాలు ఇంట్లోనే పెట్టి రండి. మైదానంలో బాణాలు మేమే ఇస్తాం.